ప్యానెళ్లను పట్టి లాగే తిరుగుడు లాక్: గీత నుంచి బిగింపు దాకా

ఎగ్జిబిషన్ స్టాళ్ల గోడలు, స్టేజీ పలకలు, టెంపరరీ ఆఫీసు పార్టిషన్లు. ఇవన్నీ విప్పి, లారీలో వేసి, ఇంకో ఊళ్లో మళ్లీ నిలబెట్టేవి. వీటికి నట్టు బోల్టు పెడితే రెండు పానాలు కావాలి, గోడ వెనక నిలబడి నట్టు పట్టుకోవడానికి ఓ మనిషి కావాలి, గడ్డిలో పడ్డ వాషర్‌ను వెతకడానికి ఇంకొకడు కావాలి. ప్యానెల్ అంచులోనే దాక్కుని, ఒక అలెన్ కీ తిప్పితే బయటికొచ్చి పక్క ప్యానెల్‌లోని పిన్నును పట్టి లాక్కునే కొక్కెం ఉంటే ఈ గొడవేదీ ఉండదు. కోల్డ్ రూమ్ పఫ్ (నురుగు నింపిన) ప్యానెళ్లను కలిపి ఉంచేది ఈ రకం లాకే. దాన్ని లేజర్ కటింగ్, వెల్డింగ్ దొరికే ఏ ఊళ్లోనైనా చేయించుకునేలా ఎలా డిజైన్ చేయాలో కొలతలతో సహా ఇక్కడ చూద్దాం.

ముందు ఒక మాట. తిప్పి బిగించేవన్నీ ఒకటి కావు. అల్మరాలకు వాడే మినీఫిక్స్‌లో 15 మి.మీ. గుండ్రటి బిళ్ల, బోల్టు తలను పట్టుకుంటుంది. అది రెండు పలకలు ఎల్ ఆకారంలో కలిసేచోటికి, ఒకసారి బిగించి వదిలేసే సామానుకు బాగుంటుంది. పార్టికల్ బోర్డులో దాన్ని పదిసార్లు విప్పి బిగిస్తే బోల్టు మరలు పొడి రాలుస్తాయి. విమానం ఇంజిను కప్పులకు 1930లలో విలియం డ్జూస్ తెచ్చిన పావుచుట్టు స్క్రూ ఇంకో జాతి. అది రేకు మీద రేకును అదిమి పడుతుంది, అంచును అంచు దగ్గరికి లాగలేదు. అంచుకు అంచు కలవాలంటే కొక్కెమే.

కొలతలు ఎక్కడ మొదలవుతాయి

ఇక్కడ తీసుకున్న ప్యానెల్: 75 × 35 మి.మీ. చెక్క ఫ్రేము, ముందు వైపు 6 మి.మీ. ప్లైవుడ్, వెనక ఖాళీ. మొత్తం మందం 41 మి.మీ. ఒక ప్యానెల్ అంచులో కొక్కెం బాక్సు, రెండో దాని అంచులో పిన్ను బాక్సు.

చాలామంది కొక్కెం బొమ్మ గీయడంతో మొదలుపెడతారు. అది తప్పు. ముందు తేల్చుకోవాల్సింది రెండు దూరాలు: కొక్కెం తిరిగే ఇరుసు తన అంచు నుంచి ఎంత లోపల ఉంది, పిన్ను మధ్యబిందువు తన అంచు నుంచి ఎంత లోపల ఉంది. మన డిజైన్‌లో ఇరుసు 14 మి.మీ., పిన్ను 14.5 మి.మీ. అంచులు తాకినప్పుడు రెండిటి మధ్య 28.5 మి.మీ. పిన్ను 8 మి.మీ. కడ్డీ కాబట్టి దాని వ్యాసార్ధం 4 కలిపితే 32.5. అంటే, ప్యానెళ్లు సరిగ్గా కలిసిన క్షణంలో కొక్కెం లోపలి అంచు ఇరుసుకు 32.5 మి.మీ. దూరంలో ఉండాలి. మిగతా అంకెలన్నీ దీన్ని పట్టుకునే వస్తాయి.

బిగించే ముందు ప్యానెళ్ల మధ్య 4 మి.మీ. సందు ఉన్నా కొక్కెం అందుకోవాలి. అప్పుడు దూరం 36.5. కనక కొక్కెం కొన దగ్గర వ్యాసార్ధం 36.5తో మొదలై, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గుతూ రావాలి. అదే స్పైరల్.

స్పైరల్‌లో రెండు వాలులు

కీ వదిలేస్తే లాక్ తనంతట తాను వెనక్కి తిరగకూడదు. దానికి స్పైరల్ వాలు కోణం, లోహాల మధ్య ఘర్షణ కోణం కంటే తక్కువ ఉండాలి. ఉక్కు మీద ఉక్కు, పొడిగా ఉంటే ఘర్షణ గుణకం 0.15 అనుకోవచ్చు, కోణంలో 8.5 డిగ్రీలు. నూనె తగిలితే 0.1, అంటే 5.7 డిగ్రీలు. ఇవి కదలకుండా ఉన్న వస్తువుల లెక్కలు. స్టేజీ మీద పది మంది కోలాటం ఆడుతుంటే పలక అదురుతుంది, అదురులో పట్టు ఇంకా తగ్గుతుంది. కాబట్టి బిగిసి ఉండే చోట వాలు 2 డిగ్రీలు దాటనివ్వకండి.

కానీ మొత్తం స్పైరల్‌ను 2 డిగ్రీల వాలుతో గీస్తే 4.5 మి.మీ. లాగడానికి దాదాపు 215 డిగ్రీలు తిరగాలి. అంత పొడవు కొక్కెం బాక్సులో దాగదు. అందుకే స్పైరల్‌ను రెండుగా విడగొట్టండి. మొదటి 60 డిగ్రీల్లో 36.5 నుంచి 33కు దిగాలి. ఇది నిటారు భాగం, వాలు 5.5 డిగ్రీలు. ఇక్కడ పని సందు మూయడమే, లాక్ ఇక్కడ ఆగి నిలవాల్సిన పని లేదు. తర్వాతి 60 డిగ్రీల్లో 33 నుంచి 32కు మాత్రమే దిగాలి. వాలు 1.7 డిగ్రీలు. అంచులు తాకే 32.5 సరిగ్గా ఈ మెత్తటి భాగం నడిమధ్య పడుతుంది.

అలా పడేలా చేయడమే ఈ డిజైన్‌కు ప్రాణం. వడ్రంగి గాడి అర మిల్లీమీటరు అటూ ఇటూ తీసినా, ఎండాకాలం ఫ్రేము చెక్క కాస్త కుంచించుకుపోయినా, కలయిక ఆ మెత్తటి భాగంలోనే ఎక్కడో పడుతుంది, లాక్ బిగుస్తుంది. కలయికను స్పైరల్ చిట్టచివర పెట్టిన డిజైన్లు కంప్యూటర్ తెర మీద బాగానే కనిపిస్తాయి. సైటులో మాత్రం సగం లాక్‌లు బిగుసుకోకుండా చేతికి లొడలొడ తిరుగుతాయి.

గీసేటప్పుడు కొన దగ్గర సున్నా డిగ్రీలు అనుకుని, ప్రతి 20 డిగ్రీలకు లోపలి అంచు వ్యాసార్ధాలు ఇవి (మి.మీ.లలో):

0 దగ్గర 36.5
20 దగ్గర 35.33
40 దగ్గర 34.17
60 దగ్గర 33.0
80 దగ్గర 32.67
100 దగ్గర 32.33
120 దగ్గర 32.0

120 నుంచి 135 వరకు 32 దగ్గరే ఉంచి, అక్కడ గాడి మూయండి. పిన్ను ఆ మూలకు తగిలితే అదే స్టాపర్. గాడి బయటి మూలను 5 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా తిప్పాలి. అక్కడ పదునైన మూల వదిలితే పగులు సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది. కొనకు ముందు ఇంకో 10 డిగ్రీల పాటు 38.5 వరకు విచ్చుకునే నోరు ఇవ్వండి. ప్యానెల్ కొంచెం దూరంగా ఉన్నా పిన్ను నోట్లోకి జారుతుంది.

గుండ్రటి బిళ్లకే కేంద్రం పక్కకు జరిపి కన్నం పెడితే సరిపోదా? సరిపోతుంది, ఫిక్స్చర్లలో (మెషీన్ మీద ముక్కను పట్టి ఉంచే అమరికల్లో) అదే వాడతారు. వ్యాసం, కేంద్రం జరిగిన దూరానికి 14 రెట్లు, నూనె తగిలే చోట 20 రెట్లు ఉండాలన్నది అక్కడి లెక్క. చిక్కల్లా, దాని వాలు తిరిగేకొద్దీ మారుతూ ఉంటుంది. బాగా పట్టే చోటు కలయిక దగ్గరే పడేలా అమర్చడం కష్టం. లేజర్ మెషీన్‌కు వృత్తమైనా స్పైరలైనా ఒకటే కాబట్టి స్పైరలే గీయండి.

బలం లెక్క, దాన్ని బట్టి మందం

8 మి.మీ. ఎల్ ఆకారపు అలెన్ కీ పొడవు చెయ్యి 100 మి.మీ. ఉంటుంది. దాని చివర 5 కేజీల ఒత్తిడి పెడితే 5 న్యూటన్ మీటర్లు. స్పైరల్ వాలు, పిన్ను దగ్గర ఘర్షణ, ఇరుసు దగ్గర ఘర్షణ కలిపితే ఈ కొలతలకు దాదాపు 7.35 మి.మీ.తో భాగించాలి. లాగే బలం 680 న్యూటన్లు, అంటే దాదాపు 70 కేజీల బరువంత. కండ బలంతో రెట్టింపు తిప్పితే 1360 న్యూటన్లు. డిజైన్ ఈ రెండో అంకెకు చేయండి.

ఆ బలం కొక్కెం పెదవిని, అంటే పిన్నును పట్టే వంపు భాగాన్ని, విప్పదీయాలని చూస్తుంది. కలయిక స్థానంలో పిన్ను, పెదవి మొదలుకు 45 డిగ్రీల దూరంలో ఉంటుంది, అంటే 23 మి.మీ. చెయ్యి. 6 మి.మీ. మందం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటులో పెదవి వెడల్పు మొదట్లో 14 మి.మీ. ఉంటే ఒత్తిడి 160 మెగాపాస్కల్స్ వస్తుంది. ఐఎస్ 2062 ప్రమాణంలోని ఇ250 రకం ఉక్కు 250 మెగాపాస్కల్స్ దగ్గర లొంగుతుంది కాబట్టి సరిపోతుంది. కొన దగ్గర 8 మి.మీ. చాలు. మొదలు నుంచి కొన దాకా నున్నగా సన్నబడాలి. కీకి పైపు తొడిగి ఈ డిజైన్ బలానికి మూడు రెట్లు తిప్పితే మాత్రం ఒత్తిడి 480కి చేరుతుంది, పెదవి విచ్చుకుంటుంది. ఒకసారి విచ్చుకున్న కొక్కెం మళ్లీ పనికిరాదు. సైటులో పైపు ముక్కలు లాక్‌ల దగ్గరికి రానివ్వకండి.

ఇరుసు చుట్టూ ఉండే బొడ్డు వ్యాసార్ధం 13 మి.మీ., బొడ్డునూ పెదవినీ కలిపే చెయ్యి 18 మి.మీ. వెడల్పు. కొక్కెం బయటి వ్యాసార్ధం మొదట్లో 46.

3డీ ప్రింటర్‌లో పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో చేసుకోవచ్చా అంటే, ఆకారం సరిచూసుకోవడానికి చేయండి. నెలన్నర నడిచే నుమాయిష్ లాంటి చోట బిగించి వదిలితే ప్లాస్టిక్ మెల్లగా సాగి, బిగువు పోతుంది. స్టెయిన్‌లెస్ కావాలంటే కొక్కెం, పిన్ను రెండూ అదే గ్రేడు పెట్టకండి. ఒత్తిడిలో రుద్దుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి.

కొక్కెం, ఇరుసు

ఇరుసు కోసం లేత్ మీద పొడవాటి పని పెట్టుకోనక్కర్లేదు. కొక్కెం ప్లేటులోనే లేజర్‌తో 8.2 మి.మీ. హెక్స్ (ఆరు పలకల) కన్నం కోయించండి. 4 మి.మీ. ప్లేటు నుంచి బయట 20, లోపల 12 మి.మీ. ఉండే రింగులు రెండు కోయించి కొక్కేనికి ఇరువైపులా వెల్డు చేయించండి. ఈ రింగులు కొక్కెం బాక్సు పక్క ప్లేట్లలోని 20.3 మి.మీ. కన్నాల్లో తిరుగుతాయి. 8 మి.మీ. కీ మూల నుంచి మూలకు 9.24 మి.మీ. ఉంటుంది కాబట్టి 12 మి.మీ. రింగులోంచి సుఖంగా దూరుతుంది.

రింగు హెక్స్ కన్నానికి సరిగ్గా మధ్యలో కూర్చోవాలి. కంటి కొలతతో పెట్టిస్తే అర మిల్లీమీటరు జరుగుతుంది. ఆ జరిగినంతా స్పైరల్ లెక్కలో తేడాగా తేలుతుంది. లేత్ దగ్గర ఒక మెట్టు పిన్ను చేయించుకోండి: ముక్కు 8.1 మి.మీ., ఒళ్లు 11.9 మి.మీ. ముక్కు హెక్స్‌లోకి, ఒళ్లు రింగులోకి దిగితే రింగు మధ్యలో కూర్చున్నట్టే. మూడు చోట్ల ట్యాక్ (చిన్న వెల్డు చుక్క) వేసి, పిన్ను తీసి, మిగతాది నింపాలి. వెల్డు ఉబ్బు పక్క ప్లేటుకు రాసుకోకుండా, రింగు అడుగు అంచును ముందే 1 మి.మీ. ఏటవాలుగా గ్రైండ్ చేయించండి.

బాలానగర్‌లోనో ఆటోనగర్‌లోనో లేజర్ షాపుకు డీఎక్స్ఎఫ్ (డ్రాయింగు) ఫైలు ఇచ్చేటప్పుడు, కోత మందాన్ని (లేజర్ కోసుకుపోయే వెడల్పును) వాళ్లే సరిచేస్తారో మీరు చేసి ఇవ్వాలో అడగండి. ఇద్దరూ చేస్తే హెక్స్ కన్నం చిన్నదై కీ దూరదు. ఇద్దరూ వదిలేస్తే కీ లూజై మూలలు అరుగుతాయి. మొదట ఒక్క కొక్కెం కోయించి, కీ పెట్టి చూసి, తర్వాతే మొత్తానికి చెప్పండి. దానికంటే ముందు అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, అట్టకు అంటించి కోసి, బల్ల మీద 28.5 మి.మీ. దూరంలో రెండు మేకులు కొట్టి తిప్పి చూడండి. పిన్ను స్థానంలో మేకుకు బదులు 8 మి.మీ. డ్రిల్లు బిట్టు ముక్క నిలబెడితే సరిపోతుంది. అర గంట పని. గీతలో తప్పు ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

బాక్సులు

కొక్కెం బాక్సు: 130 × 64 మి.మీ. పక్క ప్లేట్లు రెండు, 3 మి.మీ. మందం. మధ్యలో పైనా కిందా 8 మి.మీ. చదరపు కడ్డీ ముక్కలు. లోపలి వెడల్పు 8, బయటి మందం 14. కొక్కేనికి ఇరువైపులా 1 మి.మీ. సందు మిగులుతుంది. ఒకవైపు రింగు మీద 20 × 1.5 మి.మీ. రబ్బరు ఓ-రింగు వేయండి. అది నొక్కుకుని కొంచెం బిగువు ఇస్తుంది. అది లేకపోతే లారీ కుదుపులకు కొక్కెం బయటికి వేలాడుతుంది, దించేటప్పుడు ఎవరి ముంజేతికో గీసుకుంటుంది.

పిన్ను బాక్సు: 130 × 40 మి.మీ. ప్లేట్లు, మధ్యలో 10 మి.మీ. కడ్డీ, బయటి మందం 16. లోపల రెండు మి.మీ. ఎక్కువ ఎందుకంటే ఎదుటి ప్యానెల్ ఎప్పుడూ సూటిగా రాదు. పిన్ను రెండు ప్లేట్లలోంచీ దూరి బయట వెల్డు కావాలి. పిన్ను మీద బేరింగ్ పెడితే నున్నగా తిరుగుతుంది కదా అని ఒక ఆలోచన వస్తుంది. వద్దు. పిన్ను దగ్గరి ఘర్షణే ఈ లాక్‌ను తిరిగి విప్పుకోకుండా ఆపుతోంది. స్పైరల్‌కు గ్రీజు కూడా అవసరం లేదు, ఇరుసు రింగులకు చుక్క నూనె చాలు.

జింక్ ప్లేటింగ్ వెల్డింగ్ అయ్యాకే చేయించాలి. ప్లేటింగ్ ఉన్న ముక్కను వెల్డు చేస్తే వచ్చే పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. పౌడర్ కోటింగ్ స్పైరల్ మీద నిలవదు, రెండు బిగింపులకే లేచిపోతుంది.

బాక్సును చెక్కలో పట్టి ఉంచేది ఏది

లాక్ ఎంత బలంగా లాగితే, బాక్సు చెక్కలోంచి అంత బలంగా బయటికి రావాలని చూస్తుంది. అంచులోకి సూటిగా కొట్టిన స్క్రూల మీద దీన్ని వదిలేస్తే, స్క్రూను పీకే దిశలోనే లాక్ లాగుతుంటుంది. ప్లైవుడ్ అంచైతే పొరలే విడిపోతాయి. అందుకని ప్యానెల్ మందంలోంచి అడ్డంగా బోల్టులు వేయాలి. బాక్సుకు రెండు, ఎం 6 × 50 కౌంటర్ సంక్ బోల్టులు, తల ప్లైవుడ్ వైపు, వెనక వాషరూ నైలాక్ నట్టూ. కొక్కెం బాక్సుకు కన్నాలు అంచు నుంచి 40 మి.మీ. లోపల, ఇరుసుకు పైనా కిందా 52 మి.మీ. దూరంలో. పిన్ను బాక్సుకు అంచు నుంచి 28 మి.మీ. లోపల, అదే 52. కన్నం 6.5 మి.మీ. ఈ స్థానాల్లో కొక్కెం తిరిగే దారికి బోల్టు అడ్డం రాదు. ఇంకా దగ్గరికి జరపాలనుకుంటే ఇరుసు నుంచి 51 మి.మీ. లోపు రానివ్వకండి.

బాక్సు మందం మధ్యగీత, ప్యానెల్ మందం మధ్యగీత మీద పడాలి. మన 41 మి.మీ. ప్యానెల్‌లో కొక్కెం బాక్సుకు ఇరువైపులా 13.5, పిన్ను బాక్సుకు 12.5 మిగులుతుంది. ఒక వైపుకు జరిగితే ఆ వైపు అంచు అతుక్కుని, రెండో వైపు వెంట్రుక మందం గీత తెరుచుకుంటుంది. స్టాలు లోపల లైటు వేస్తే ఆ గీత బయటి దాకా వెలుగుతుంది.

గాడి 64 మి.మీ. లోతు కాబట్టి మామూలు రౌటర్ బిట్టు అందదు. ముందు 14 మి.మీ. బరమాతో వరసగా కన్నాలు వేసి, ఉలితో గోడలు చదును చేయడమే దారి. లాక్‌లు చాలా ఉంటే ఫ్రేము నిలువు చెక్కనే మూడు పొరలుగా అతికించి, నడిమి పొరలో 130 మి.మీ. ఖాళీ వదిలేయడం ఇంకా సులువు. కీ కోసం ప్లైవుడ్ వైపు నుంచి 14 మి.మీ. కన్నం, ఇరుసుకు ఎదురుగా.

8 అడుగుల ఎత్తు ప్యానెల్‌కు మూడు లాక్‌లు: పై నుంచీ కింది నుంచీ 300 మి.మీ.ల దగ్గర ఒక్కొక్కటి, నడుమ ఒకటి. 4 అడుగుల అంచుకు రెండు చాలు. కొక్కేనికి లాగడమే తెలుసు, పైకీ కిందికీ జారకుండా ఆపడం దాని పని కాదు. దానికి అంచులో 12 మి.మీ. మొనదేలిన డోవెల్ పిన్నులు రెండు విడిగా పెట్టండి. అవి లేకుండా గోడ మీద షెల్ఫు వేలాడదీస్తే ఆ బరువంతా కొక్కెం మీదే పడుతుంది.

బిగించడం, తేడా వస్తే కనిపెట్టడం

డోవెళ్లు దూర్చి, ప్యానెల్‌ను చేత్తో 4 మి.మీ. లోపుకు నెట్టి, అప్పుడే కీ తిప్పండి. దాదాపు 70 డిగ్రీలు ఖాళీగా తిరుగుతుంది, కొక్కెం బయటికి వచ్చేది అప్పుడే. తర్వాత 60 డిగ్రీలు సందు మూస్తుంది. ఆపైన 30 డిగ్రీల దగ్గర కీ బరువెక్కాలి. రింగు ముఖం మీద సెంటర్ పంచ్‌తో ఒక చుక్క పెట్టి ఉంచితే, కోణం కంటికి కనిపిస్తుంది. మూడు లాక్‌లు ఉంటే ఒక్కోదాన్నీ సగం సగం తిప్పుతూ రండి. కిందిది పూర్తిగా బిగించి పైకి వెళ్తే పై అంచు విచ్చుకుని, పై కొక్కేనికి పిన్ను అందదు.

కీ ముందే బరువెక్కి, కొక్కెం తిరగనంటే రెండు కారణాలు. సందు ఎక్కువగా ఉండి, కొన ఎదుటి పిన్నుకు నేరుగా తగిలి ప్యానెల్‌ను వెనక్కి నెడుతుండవచ్చు. వెనక్కి తిప్పి, ప్యానెల్‌ను దగ్గరికి నెట్టి మళ్లీ చూడండి. అంచులు ముందే కలిసిపోయినా కొక్కెం నిటారు భాగంలోనే ఇరుక్కుంటే, ఇరుసు పిన్నుల దూరం ఎక్కువైందన్న మాట. నిటారు భాగం చివర ఆగి ఉంటే, అంచును అర మిల్లీమీటరు చిత్రిక పడితే కొక్కెం ఇంకో 30 డిగ్రీలు లోపలికి వెళ్తుంది. నిటారు భాగంలో ప్రతి 10 డిగ్రీలు దాదాపు 0.6 మి.మీ., మెత్తటి భాగంలో మిల్లీమీటరులో ఆరో వంతు కాబట్టి, చుక్క ఎక్కడ ఆగిందో చూసి ఎంత తీయాలో ముందే చెప్పవచ్చు. ఇరుక్కున్న చోటనే బలవంతంగా బిగించి వదిలేస్తే, అది 5.5 డిగ్రీల వాలు మీద నిలబడి ఉంటుంది. ఆ రోజుకు బాగానే ఉన్నట్టుంటుంది, అదురుకు వదులైపోతుంది.

కీ ఏ బరువూ లేకుండా మూల దాకా వెళ్లి టక్కున ఆగితే దూరం తక్కువైంది. బాక్సులు విప్పి కన్నాలు మళ్లీ వేయాల్సిన పని లేదు. ఒక ప్యానెల్ అంచు పొడవునా 1 మి.మీ. సన్‌మైకా పట్టీ అతికించండి. ఇరుసు పిన్నుల దూరం అంత పెరుగుతుంది. లాక్ ఉన్న చోట మాత్రం ముక్క వేసి మిగతా అంచు వదిలేయకండి, అక్కడ సందు మిగిలిపోతుంది.

హెక్స్ కన్నం గుండ్రంగా అరిగిపోవడం ఇంకో సాధారణ జబ్బు. సాధారణంగా తప్పు కొక్కేనిది కాదు, మూలలు అరిగిన పాత కీదో, గుండు మొన ఉన్న కీదో. గుండు మొన కీ, కన్నం లోపల సన్నటి గీత వెంట మాత్రమే తగులుతుంది. లాక్‌ల పెట్టెలో మొన చదునుగా ఉన్న కీలే ఉంచండి. సీజనుకొకసారి పిన్ను మీద వేలు పెట్టి చూడండి. గోరు ఆగేంత గాడి పడితే ఆ బాక్సును మార్చేయండి.